అప్‌డేట్ ట్రిగ్గర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో సాయంత్రం డేటాబేస్ పాఠాలు చెబుతూ, పగలు పలాస, రాజాం, బొబ్బిలి వైపు వ్యాపారులకు లెక్కల ప్రోగ్రాములు రాసిపెట్టే నాకు, ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ అప్‌డేట్ ట్రిగ్గర్ల మీద అవే సందేహాలు ఎదురవుతున్నాయి. అందుకే వాటిని ఒక చోట చేర్చాను. అప్‌డేట్ ఆదేశం నడవడం, ఒక వరుస ఆ ఆదేశం చేతిలో పడడం, ఆ వరుసలోని విలువ నిజంగా మారడం అనేవి మూడు వేర్వేరు సంఘటనలు. ఈ మూడింటినీ ఒకటిగా అనుకోవడం వల్లనే ఇందులోని సందేహాలలో ఎక్కువ భాగం పుడుతున్నాయని నా అనుభవం. ఉదాహరణలు చాలావరకు పలాస జీడిపప్పు నిల్వల లెక్కల నుంచి తీసుకున్నాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా జవాబు అర్థమయ్యేలా రాశాను.

## రాయబోయే ముందు

అప్‌డేట్ ట్రిగ్గర్ అంటే ఏమిటి? మామూలు ఫంక్షన్‌కీ దానికీ తేడా ఎక్కడ ఉంది?

ఫంక్షన్ నడవాలంటే ఎవరో ఒకరు దానిని పిలవాలి. ట్రిగ్గర్‌ను ఎవరూ పిలవరు. అది టేబుల్‌కు కట్టి ఉంటుంది, ఆ టేబుల్ మీద అప్‌డేట్ ఆదేశం వచ్చినప్పుడు డేటాబేసే దానిని నడుపుతుంది. జీడిపప్పు నిల్వల టేబుల్‌ను గోదాములోని గుమాస్తా తెర మీద నుంచి మార్చవచ్చు, షావుకారు ఫోనులోని యాప్ నుంచి మార్చవచ్చు, లెక్కల మనిషి నేరుగా క్వెరీ రాసి మార్చవచ్చు. మార్పు ఏ దారిన వచ్చినా ట్రిగ్గర్ దాటిపోవడం మామూలుగా కుదరదు. ఆదేశం చేతిలో పడిన ప్రతి వరుసకూ ఒకసారి నడిచే వరుస స్థాయి ట్రిగ్గర్‌లో మార్పుకు ముందున్న వరుస ఓల్డ్ అనే పేరుతోనూ, మార్పు తరువాతి వరుస న్యూ అనే పేరుతోనూ మన కోడ్‌కు అందుతాయి.

నాకు ట్రిగ్గర్ నిజంగా అవసరమా? ప్రోగ్రాములోనే రాసేస్తే సరిపోదా?

ఆ టేబుల్‌లోకి వెళ్ళే దారి ఒక్కటే అయితే, అది మీ ప్రోగ్రామే అయితే, నియమాన్ని ప్రోగ్రాములోనే రాసుకోండి. చదివేవారికి కనబడుతుంది, పరీక్షించడం సులువు. దారులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నప్పుడు ట్రిగ్గర్ గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా ముందుగా చెక్ నిబంధన (ఏ విలువలు పడవచ్చో టేబుల్ నిర్వచనంలోనే చెప్పే షరతు) సరిపోతుందేమో చూడండి. బరువు సున్నా కంటే తక్కువ ఉండకూడదనే నియమానికి ట్రిగ్గర్ అక్కరలేదు. 80 కిలోల జీడిపిక్కల బస్తాల సంఖ్యను కిలోలుగా మార్చి చూపడానికీ అక్కరలేదు, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో 5.7 వెర్షన్ నుంచి, పోస్ట్‌గ్రెస్ అనే దానిలో 12 నుంచి, తమ విలువను తామే లెక్కగట్టే కాలమ్‌లు ఉన్నాయి. చెక్ నిబంధనకు కొత్త విలువ ఒక్కటే కనబడుతుంది, పాత విలువ కనబడదు. అందువల్ల బిల్లు మూసేశాక తూకం మార్చకూడదు వంటి, పాతదానినీ కొత్తదానినీ పక్కపక్కన పెట్టి చూడవలసిన నియమాలకూ, మార్పుల చరిత్రను భద్రపరచడానికీ ట్రిగ్గర్ సరైన చోటు. మొత్తాలను నిల్వ చేసి ఉంచే పనికి కూడా వాడవచ్చు గాని, దానికి రెట్టింపు జాగ్రత్త కావాలి.

బిఫోర్ పెట్టాలా, ఆఫ్టర్ పెట్టాలా?

మార్పు పడకముందు నడిచే ట్రిగ్గర్ బిఫోర్, పడ్డాక నడిచేది ఆఫ్టర్. మార్చబోయే వరుసనే సరిదిద్దాలనుకుంటే బిఫోర్, ఆ మార్పు ఆధారంగా మరో టేబుల్‌లో ఏదైనా రాయాలనుకుంటే ఆఫ్టర్ ఎంచుకోండి. గ్రేడ్ పేరు చివర పడిన ఖాళీలను తీసేయడం, మార్పు సమయాన్ని నింపడం బిఫోర్ పనులు. చరిత్ర టేబుల్‌లో వరుస చేర్చడం ఆఫ్టర్ పని, ఎందుకంటే మిగిలిన బిఫోర్ ట్రిగ్గర్లన్నీ పూర్తయి, వరుస తుది రూపం తీసుకున్నాకే చరిత్ర రాయడం న్యాయం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బిఫోర్ అనేదే లేదు. ఆఫ్టర్, ఇన్‌స్టెడ్ ఆఫ్ (ఆదేశానికి బదులుగా నడిచేది) అని రెండే రకాలు ఉన్నాయి.

వరుసకు ఒకసారి నడిచేది, ఆదేశానికి ఒకసారి నడిచేది అంటారు. ఆ తేడా నాకు ఎందుకు పట్టాలి?

డబ్ల్యూ 320 అనే జీడిపప్పు గ్రేడ్ ధరను ఒకే ఆదేశంతో నలభై గోదాములలో మార్చారనుకోండి. వరుస స్థాయి ట్రిగ్గర్ నలభై సార్లు నడుస్తుంది. ఆదేశ స్థాయి ట్రిగ్గర్ ఒక్కసారే నడుస్తుంది. షరతుకు సరిపడే వరుస ఒక్కటీ దొరకకపోతే వరుస స్థాయిది అసలు నడవదు, ఆదేశ స్థాయిది మాత్రం పోస్ట్‌గ్రెస్‌లోనూ, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ అప్పుడు కూడా నడుస్తుంది. ఆదేశ స్థాయి ట్రిగ్గర్ నడిచింది కాబట్టి ఏదో ఒకటి మారి ఉంటుందని అనుకోవడం పొరపాటు. మైఎస్‌క్యూఎల్‌లోనూ, ఎస్‌క్యూఎల్ లైట్‌లోనూ వరుస స్థాయి ట్రిగ్గర్లు మాత్రమే ఉన్నాయి.

స్నేహితుడు ఇచ్చిన ట్రిగ్గర్ కోడ్ నా డేటాబేస్‌లో నడవడం లేదు. ఎస్‌క్యూఎల్ అంతా ఒకటే కదా?

ట్రిగ్గర్లు ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి 1999లో వచ్చాయి. అప్పటికే ఒరాకిల్ వంటి డేటాబేస్‌లు తమ పద్ధతిలో వాటిని అమలు చేసేశాయి, కాబట్టి ఎవరి వాక్య నిర్మాణం వారికి మిగిలిపోయింది. ఒరాకిల్‌లో ఓల్డ్, న్యూ పేర్ల ముందు కోలన్ పెట్టాలి. పోస్ట్‌గ్రెస్‌లో ముందు ఒక ట్రిగ్గర్ ఫంక్షన్ విడిగా రాసి, ఆ తరువాత దానిని టేబుల్‌కు కట్టాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఓల్డ్, న్యూ అనే వరుసలే ఉండవు. పాత వరుసలకు డిలీటెడ్, కొత్త వరుసలకు ఇన్సర్టెడ్ అనే రెండు టేబుళ్ళు ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ కమాండ్ లైన్‌లో ట్రిగ్గర్ లోపలి సెమికోలన్ దగ్గరే ఆదేశం అయిపోయిందని క్లయింట్ అనుకోకుండా డీలిమిటర్‌ను (ఆదేశం ముగింపు గుర్తును) మార్చుకోవాలి; మా విద్యార్థుల మొదటి ట్రిగ్గర్ ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. కోడ్ తెచ్చుకునే ముందు అది ఏ డేటాబేస్‌కు, ఏ వెర్షన్‌కు రాసినదో అడగండి.

## రాస్తున్నప్పుడు

పాత విలువ, కొత్త విలువ వేరైతేనే చరిత్ర రాయమన్నాను. కొన్ని మార్పులు జారిపోతున్నాయి. ఎందుకు?

జారిపోతున్న వరుసలను గమనిస్తే, చాలావరకు రెండు విలువలలో ఒకటి నల్ (విలువే నింపని ఖాళీ) అయి ఉంటుంది. నల్‌ను దేనితో పోల్చినా వచ్చే జవాబు ‘అవును’ అని ఉండదు, ‘కాదు’ అని కూడా ఉండదు. ‘తెలియదు’ అని వస్తుంది. తెలియదు అనేదాన్ని షరతు అవునుగా తీసుకోదు. ఫోన్ నంబరు మొదటిసారి నింపినప్పుడు పాత విలువ నల్, కొత్త విలువ పది అంకెలు. మన కంటికి ఇది స్పష్టమైన మార్పే అయినా, సమానం కాదు అనే గుర్తుతో పోలిస్తే డేటాబేస్‌కు కనబడదు. పోస్ట్‌గ్రెస్‌లో ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ అనే పోలికను వాడాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అది 2022 వెర్షన్‌లో వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌లో చిన్నది, సమానం, పెద్దది అనే మూడు గుర్తులు కలిపి రాసే నల్ ఎరిగిన సమానత్వాన్ని తీసుకుని దాని ముందు నాట్ పెట్టాలి. ఎస్‌క్యూఎల్ లైట్‌లో ఈజ్ నాట్ సరిపోతుంది. ఒరాకిల్‌లో పని చేసేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: అక్కడ ఒక్క అక్షరమూ లేని ఖాళీ స్ట్రింగ్ కూడా నల్‌గానే లెక్క.

ధర కాలమ్ మారినప్పుడు మాత్రమే ట్రిగ్గర్ నడవాలి. అప్‌డేట్ ఆఫ్ ధర అని రాస్తే చాలదా?

చాలదు. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ ఆఫ్ అనే మాట, ఆదేశంలోని సెట్ జాబితాలో ఆ కాలమ్ పేరు ఉందా లేదా అన్నదే చూస్తుంది; విలువ మారిందా అన్నది చూడదు. ధర 780 ఉన్న చోట మళ్ళీ 780 రాసినా ట్రిగ్గర్ నడుస్తుంది. దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంది: ఆదేశంలో ధర పేరు లేకపోయినా ఏదో ఒక బిఫోర్ ట్రిగ్గర్ లోలోపల ధరను మార్చేస్తే, అప్‌డేట్ ఆఫ్ ధర అని కట్టిన ట్రిగ్గర్ నడవదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని అప్‌డేట్ అనే ఫంక్షన్ కూడా కాలమ్ పేరు ఆదేశంలో ఉందా అన్నదే చెబుతుంది. విలువ మారినప్పుడే పని జరగాలంటే పాత, కొత్త విలువలను పోల్చే షరతు పెట్టవలసిందే. పోస్ట్‌గ్రెస్‌లో ఆ షరతును ఫంక్షన్ లోపల కాకుండా ట్రిగ్గర్ నిర్వచనంలోని వెన్ భాగంలో రాస్తే, అవసరం లేని వరుసలకు ఫంక్షన్ పిలుపే ఉండదు.

చివరిసారి ఎప్పుడు మార్చారో ఆ సమయం దానంతట అదే పడాలి. ఎలా?

మైఎస్‌క్యూఎల్‌లో దీనికి ట్రిగ్గర్ అక్కరలేదు. కాలమ్ నిర్వచనంలోనే ఆన్ అప్‌డేట్ కరెంట్ టైమ్‌స్టాంప్ అని రాయవచ్చు. వరుసలో మరో కాలమ్ విలువ నిజంగా మారినప్పుడే అది సమయాన్ని మారుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో బిఫోర్ ట్రిగ్గర్ రాసి, న్యూ వరుసలోని ఆ కాలమ్‌లో సమయం నింపి, న్యూ వరుసను తిరిగి ఇవ్వాలి. అక్కడ నౌ ఫంక్షన్ ఇచ్చేది ట్రాన్సాక్షన్ (పడితే అన్నీ, లేకపోతే ఏదీ పడకుండా ఒకటిగా నడిచే ఆదేశాల కట్ట) మొదలైన సమయం. పది నిమిషాలు సాగిన ట్రాన్సాక్షన్‌లో మొదటి వరుసకూ చివరి వరుసకూ ఒకే సమయం పడుతుంది. లెక్కలకు సాధారణంగా అదే మేలు. గడియారంలోని అసలు సమయమే కావాలంటే క్లాక్ టైమ్‌స్టాంప్ అనే ఫంక్షన్ ఉంది.

ట్రిగ్గర్ లోపల అదే టేబుల్‌ను అప్‌డేట్ చేస్తే ఎర్రర్ వస్తోంది, లేదా ఆగకుండా తిరుగుతోంది. ఏం చేయాలి?

చేతిలో ఉన్న వరుసనే మార్చాలనుకుంటే అప్‌డేట్ ఆదేశం రాయనే కూడదు. బిఫోర్ ట్రిగ్గర్‌లో న్యూ వరుసలోని కాలమ్‌కు విలువ ఇచ్చేస్తే చాలు. ఈ ఒక్క మార్పుతో ఇటువంటి ఫిర్యాదులు చాలావరకు తీరిపోతాయి. మైఎస్‌క్యూఎల్, ట్రిగ్గర్‌ను నడిపిన ఆదేశం వాడుతున్న టేబుల్‌ను ట్రిగ్గర్ లోపల మార్చనివ్వదు. 1442 సంఖ్య గల ఎర్రర్ ఇస్తుంది. ఒరాకిల్‌లో వరుస స్థాయి ట్రిగ్గర్ అదే టేబుల్‌ను చదవబోయినా 04091 సంఖ్యతో, టేబుల్ మార్పులో ఉందనే ఎర్రర్ వస్తుంది. ఆదేశం పూర్తయ్యేసరికి చేయవలసిన పనిని కూడబెట్టుకోవడానికి 11జీ నుంచి కాంపౌండ్ ట్రిగ్గర్లు ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్ మాత్రం అడ్డుకోదు. ట్రిగ్గర్ అప్‌డేట్‌ను, అప్‌డేట్ ట్రిగ్గర్‌ను పిలుచుకుంటూ ఫంక్షన్ పిలుపులకు ఉంచిన మెమరీ (స్టాక్) పరిమితి దాకా వెళ్ళి ఆగుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రిగ్గర్ తనను తాను నేరుగా పిలుచుకోవడం మొదట ఆపివేసి ఉంటుంది. ఒకదాని నుంచి ఒకటిగా పిలుచుకునే గొలుసు 32 మెట్ల దాకా సాగగలదు.

అమ్మకం వరుసను సరిదిద్దితే గోదాము నిల్వ కూడా సరిపోవాలి. నా ట్రిగ్గర్ ఒక్కోసారి తప్పు లెక్క చూపుతోంది. ఎక్కడ పొరపాటు?

ఈ ప్రశ్నకు కాస్త నిదానంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే డబ్బు నష్టపోయేది ఇక్కడే. డబ్ల్యూ 240 గుండు పప్పు 50 కిలోలు అమ్మినట్లు రాసి, తరువాత దానిని 45గా సరిదిద్దారనుకోండి. నిల్వ నుంచి 45 తీసేస్తే ముందు తీసిన 50 కూడా అలాగే ఉండిపోయి, మొత్తం 95 కిలోలు పోయినట్లు చూపుతుంది. తీయవలసింది కొత్త బరువులో నుంచి పాత బరువు పోగా మిగిలిన తేడా. ఇక్కడ అది మైనస్ 5, అంటే నిల్వ 5 కిలోలు పెరగాలి.

ఇంతవరకు చాలామంది సరిగానే రాస్తారు. మరిచిపోయేది వస్తువే మారిన సందర్భం. గుమాస్తా బరువును కాకుండా గ్రేడ్‌ను సరిదిద్దాడు, డబ్ల్యూ 240 అని పొరపాటున రాసినదానిని డబ్ల్యూ 320 అని మార్చాడు. బరువులో తేడా సున్నా కాబట్టి తేడా మీద నడిచే ట్రిగ్గర్ ఏమీ చేయదు, రెండు గ్రేడ్ల నిల్వలూ తప్పుగా మిగిలిపోతాయి. అందువల్ల పాత వస్తువుకు పాత బరువును తిరిగి కలపడం, కొత్త వస్తువు నుంచి కొత్త బరువును తీయడం అని రెండు అడుగులుగా రాయడమే క్షేమం. వస్తువు మారకపోయినా ఈ రెండు అడుగుల ఫలితం సరిగానే వస్తుంది. గోదాము కూడా మారే వీలుంటే దానినీ ఇందులో చేర్చాలి.

మరో పొరపాటు నిల్వను ముందు చదివి, లెక్క కట్టి, తరువాత రాయడం. ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణంలో సరిదిద్దితే ఇద్దరూ పాత నిల్వనే చదువుతారు, ఒకరి మార్పును మరొకరి మార్పు తుడిచేస్తుంది. నిల్వలో నుంచి ఇంత తీసివేయి అని ఒకే అప్‌డేట్ ఆదేశంలో రాస్తే, డేటాబేస్ ఆ వరుసకు లాక్ వేసి రెండవ వారిని కాసేపు ఆపుతుంది. అప్‌డేట్ ఒక్కదానికే ట్రిగ్గర్ రాసి ఇన్సర్ట్‌ను, డిలీట్‌ను వదిలేస్తే లెక్క ఎప్పటికీ కుదరదు. ఇంత చేసినా, నెలకు ఒకసారి అమ్మకాల నుంచి నిల్వను మొదటి నుంచి కూడి, ట్రిగ్గర్ నిలబెట్టిన సంఖ్యతో సరిపోల్చే అలవాటు చేసుకోండి.

మార్పుల చరిత్ర టేబుల్‌లో ఏమేమి ఉంచాలి?

ఏ వరుస, ఏ సమయం, ఎవరు, పాత విలువలు, కొత్త విలువలు. ప్రతి కాలమ్‌కు ఒక చరిత్ర వరుస రాసే పద్ధతి అందంగా కనబడుతుంది గాని, తరువాత ఒక రోజు వరుస పూర్తి రూపం ఏమిటో తిరిగి కట్టడం కష్టమవుతుంది. పాత వరుస మొత్తాన్ని ఒకే జేసన్ విలువగా (కాలమ్ పేర్లు, విలువలు జతలుగా ఉండే పాఠంగా) ఉంచడం నాకు నచ్చిన పద్ధతి. టేబుల్‌కు రేపు కొత్త కాలమ్ చేరినా చరిత్ర టేబుల్‌ను ముట్టుకోనక్కరలేదు. పాస్‌వర్డ్ హ్యాష్‌లు, ఆధార్ సంఖ్యలు వంటివి చరిత్రలోకి పోకుండా తీసేయండి. అసలు టేబుల్‌లో చెరిపినా చరిత్రలో మిగిలిపోయేవి ఇవే.

ఎవరు మార్చారో చూస్తే అన్ని వరుసలలో ఒకే యూజర్ పేరు పడుతోంది. అసలు మనిషి పేరు ఎలా తెస్తాం?

మీ వెబ్ ప్రోగ్రాము డేటాబేస్‌కు ఒకే యూజర్ పేరుతో కలుస్తుంది కాబట్టి డేటాబేస్‌కు తెలిసిన మనిషి ఆ ఒక్కడే. పొందూరు ఖాదీకి నూలు వడికి తెచ్చే స్త్రీల చిలపల (నూలు కట్టల) లెక్కను ఎవరో తగ్గించి రాశారన్న తగువు వస్తే, ఆ ఒక్క పేరుతో ఎవరికీ న్యాయం జరగదు. ప్రోగ్రాము ప్రతి ట్రాన్సాక్షన్ మొదట్లో, లాగిన్ అయిన మనిషి గుర్తును డేటాబేస్ సెషన్‌లో ఉంచాలి, ట్రిగ్గర్ దానిని చదువుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో సెట్ కాన్ఫిగ్ ఫంక్షన్‌తో, మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ వేరియబుల్‌తో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 నుంచి ఉన్న సెషన్ కాంటెక్స్ట్‌తో ఈ పని చేయవచ్చు. కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచిన కనెక్షన్లనే అందరూ మార్చి మార్చి వాడుకునే ఏర్పాటు) వాడుతుంటే ఒకరి గుర్తు అదే కనెక్షన్‌లో మిగిలి తరువాతి వారి మార్పు మీద పడే ప్రమాదం ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఆ విలువ ట్రాన్సాక్షన్‌తోనే చెల్లిపోయేలా పెట్టవచ్చు, మిగిలిన చోట్ల ప్రతిసారీ కొత్తగా నింపండి. గుర్తు ఖాళీగా ఉంటే మార్పును తిరస్కరించడం నా పద్ధతి.

కొన్ని మార్పులను ట్రిగ్గర్‌తో పూర్తిగా ఆపాలి. సరైన పద్ధతి ఏది?

ఎర్రర్ లేవనెత్తండి. మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి సిగ్నల్ ఆదేశం ఉంది, దానికి 45000 అనే స్థితి సంకేతం వాడతారు. పోస్ట్‌గ్రెస్‌లో రెయిజ్ ఎక్సెప్షన్, ఎస్‌క్యూఎల్ లైట్‌లో రెయిజ్ ఉన్నాయి. తప్పు విలువను నిశ్శబ్దంగా పాత విలువకు తిప్పేయడం వద్దు, గుమాస్తా తన మార్పు పడిందనే అనుకుని వెళ్ళిపోతాడు. సందేశంలో బిల్లు సంఖ్యను, కారణాన్ని తెలుగులోనే స్పష్టంగా రాయండి. తిరస్కరించిన ప్రయత్నాన్ని అదే ట్రిగ్గర్‌లో చరిత్రగా రాయాలనుకోవడం కుదరదు, ఎర్రర్‌తో పాటు ఆ చరిత్ర వరుస కూడా రద్దయిపోతుంది. ఒరాకిల్‌లో మాత్రం స్వతంత్ర ట్రాన్సాక్షన్ అనే సదుపాయం ఉంది.

## నడిపి చూస్తున్నప్పుడు

పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్‌కు ఎర్రర్ రాలేదు, కాని వరుస మారలేదు. ఏమై ఉంటుంది?

బిఫోర్ ట్రిగ్గర్ ఫంక్షన్ చివర ఏమి తిరిగి ఇస్తున్నారో చూడండి. నల్ ఇస్తే ఆ వరుసను వదిలేయమని అర్థం. ఎర్రర్ ఉండదు, మారిన వరుసల సంఖ్య మాత్రం సున్నా అని వస్తుంది. ఓల్డ్ ఇస్తే వరుస అప్‌డేట్ అయినట్లే లెక్కలోకి వస్తుంది గాని పాత విలువలే మళ్ళీ పడతాయి, ఇది పట్టుకోవడం మరీ కష్టం. తిరిగి ఇవ్వవలసింది న్యూ. ఆఫ్టర్ ట్రిగ్గర్‌లో తిరిగి ఇచ్చే విలువను డేటాబేస్ పట్టించుకోదు.

ఫారం తెరిచి ఏమీ మార్చకుండా సేవ్ నొక్కినా చరిత్రలో వరుస పడుతోంది. ఎందుకు?

సేవ్ నొక్కగానే మీ ప్రోగ్రాము అన్ని కాలమ్‌లనూ ఉన్న విలువలతోనే తిరిగి రాస్తోంది. డేటాబేస్ దృష్టిలో ఆదేశం నడిచింది, వరుస దాని చేతిలో పడింది. విలువ మారలేదన్న సంగతి వరుస స్థాయి ట్రిగ్గర్‌కు అడ్డు కాదు. పలాసలో ఒక వ్యాపారికి రాసిపెట్టిన ప్రోగ్రాములో నేనే ఈ పొరపాటు చేశాను. గుమాస్తాలు బిల్లు చూడడానికి తెరిచి, అలవాటుగా సేవ్ నొక్కి మూసేవారు. కొన్ని నెలలకు చరిత్ర టేబుల్ అసలు అమ్మకాల టేబుల్‌ను మించిపోయింది, నిజమైన మార్పు ఏదో వెదకడమే కష్టమైంది. పాత వరుస, కొత్త వరుస మొత్తంగా వేరైనప్పుడే రాయమని షరతు పెట్టాక కుదుటపడింది. పోస్ట్‌గ్రెస్‌లో అనవసరపు అప్‌డేట్‌లనే ఆపే సప్రెస్ రిడండెంట్ అప్‌డేట్స్ ట్రిగ్గర్ అనే సిద్ధ ఫంక్షన్ కూడా ఉంది.

ఒకే టేబుల్‌కు రెండు ట్రిగ్గర్లు ఉంటే ఏది ముందు నడుస్తుంది?

పోస్ట్‌గ్రెస్‌లో ఒకే రకం ట్రిగ్గర్లు పేరు అక్షర క్రమంలో నడుస్తాయి, అందుకే పేర్ల మొదట సంఖ్యలు పెట్టుకునేవారున్నారు. మైఎస్‌క్యూఎల్‌లో 5.7 నుంచే ఒకే సంఘటనకు ఒకటి కంటే ఎక్కువ ట్రిగ్గర్లు పెట్టవచ్చు. ఫాలోస్, ప్రిసీడ్స్ అనే మాటలతో క్రమం చెప్పాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మొదటిది, చివరిది మాత్రమే నిర్ణయించగలరు.

ఒక వరుస మార్చితే బాగానే ఉంది, ఒకేసారి వంద మార్చితే ఒక్కదానికే చరిత్ర పడుతోంది. ఎందుకు?

ఇది దాదాపు ఎప్పుడూ ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవారి ప్రశ్న. అక్కడ ట్రిగ్గర్ ఆదేశానికి ఒకసారే నడుస్తుంది, ఇన్సర్టెడ్ టేబుల్‌లో వంద వరుసలూ ఉంటాయి. వాటిలో నుంచి వేరియబుల్‌లోకి విలువ తీసుకుంటే ఏదో ఒక్క వరుస విలువే మిగులుతుంది, మిగిలిన తొంభైతొమ్మిది మాటా మంతీ లేకుండా పోతాయి. వేరియబుళ్ళను వదిలి, ఇన్సర్టెడ్‌ను డిలీటెడ్‌తో ప్రైమరీ కీ (వరుసను గుర్తించే కాలమ్) మీద జోడించి, ఒకే ఇన్సర్ట్ ఆదేశంతో అన్ని వరుసల చరిత్రనూ రాయాలి. ప్రైమరీ కీ విలువే మారే వీలుంటే ఆ జోడింపు తప్పుతుంది, కాబట్టి కీని మార్చనివ్వకండి.

నేను ఇన్సర్ట్ చేశాను, అప్‌డేట్ ట్రిగ్గర్ ఎందుకు నడిచింది?

ఉంటే మార్చు, లేకపోతే చేర్చు అనే ఆదేశం వాడి ఉంటారు. మైఎస్‌క్యూఎల్‌లో ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్, పోస్ట్‌గ్రెస్‌లో ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్ ఆ పని చేస్తాయి. రెండింటిలోనూ ముందు బిఫోర్ ఇన్సర్ట్ ట్రిగ్గర్ నడుస్తుంది, వరుస అప్పటికే ఉందని తేలాక అప్‌డేట్ ట్రిగ్గర్లు నడుస్తాయి. మైఎస్‌క్యూఎల్‌లోని రిప్లేస్ ఆదేశం పాత వరుసను తీసి కొత్తది చేర్చుతుంది, అందువల్ల అప్‌డేట్ ట్రిగ్గర్‌కు ఆ మార్పు తెలియనే తెలియదు.

మైఎస్‌క్యూఎల్‌లో ఫారిన్ కీ కాస్కేడ్‌తో పిల్ల టేబుల్ మారింది, ట్రిగ్గర్ నడవలేదు. ఇది లోపమా?

తల్లి టేబుల్‌లోని కీ మారితే దానిని ఆధారం చేసుకున్న పిల్ల టేబుల్ వరుసలను డేటాబేసే మార్చడం కాస్కేడ్. 8.0 వెర్షన్‌లో అది తెలిసిన పరిమితి: ఫారిన్ కీ కాస్కేడ్ చేసే మార్పులకు ట్రిగ్గర్లు నడవవు. పిల్ల టేబుల్ చరిత్ర ముఖ్యమైతే కాస్కేడ్‌ను వదిలి, ఆ అప్‌డేట్‌ను మీరే రాయండి. పోస్ట్‌గ్రెస్‌లో కాస్కేడ్ మార్పులకు కూడా పిల్ల టేబుల్ ట్రిగ్గర్లు నడుస్తాయి.

ట్రిగ్గర్‌ను ఎలా పరీక్షించాలి?

ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, అప్‌డేట్ చేసి, ఫలితం చూసి, రోల్‌బ్యాక్ చేయండి (అంటే మార్పులను వెనక్కి తీసేయండి). ఒక వరుస మారే ఆదేశం, చాలా వరుసలు మారే ఆదేశం, ఏ వరుసా దొరకని ఆదేశం, ఉన్న విలువే మళ్ళీ రాసే ఆదేశం, నల్ నుంచి విలువకూ విలువ నుంచి నల్‌కూ మార్చే ఆదేశాలు తప్పక ఇచ్చి చూడండి. ఆ తరువాత రెండు కిటికీలు తెరిచి, ఒకదానిలో కమిట్ చేయకుండా (మార్పును ఖాయం చేయకుండా) ఉంచి, రెండవ దానిలో అదే వరుసను మార్చబోయి ఏమవుతుందో గమనించండి. ఈ చివరి పరీక్ష విద్యార్థులు వదిలేస్తారు. దుకాణంలో మొదట బయటపడేది మాత్రం అదే.

## వాడుకలో పడ్డాక

ట్రిగ్గర్ పెట్టాక పెద్ద అప్‌డేట్‌లు చాలా నెమ్మదించాయి. ఏం చేయవచ్చు?

ట్రిగ్గర్ లోపల చేసే వెదుకులాటకు ఇండెక్స్ (వరుసను త్వరగా వెదికిపెట్టే సూచిక) ఉందో లేదో మొదట చూడండి. వరుసకు ఒకసారి మొత్తం టేబుల్ చదివితే ఏ డేటాబేస్ అయినా కూలబడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఆఫ్టర్ వరుస ట్రిగ్గర్ల పిలుపులు ఆదేశం చివరి దాకా మెమరీలో క్యూ కట్టి ఉంటాయి, వెన్ షరతు పెడితే అక్కరలేనివి క్యూలోకే రావు. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఆదేశ స్థాయి ఆఫ్టర్ ట్రిగ్గర్‌కు పాత వరుసల టేబుల్‌నూ, కొత్త వరుసల టేబుల్‌నూ అందించే సదుపాయం ఉంది. లక్ష వరుసలకు లక్ష ఇన్సర్ట్‌లకు బదులు ఒకే ఇన్సర్ట్‌తో చరిత్ర రాయవచ్చు.

ఒకేసారి వేల వరుసలు సరిదిద్దాలి. అప్పుడు ట్రిగ్గర్‌ను ఆపేయవచ్చా?

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. ఒక ఖాతాదారుల టేబుల్‌లో జిల్లా పేర్లను నేను ఒకే ఆదేశంతో మార్చాను. ఆ టేబుల్‌కు చిరునామా మారితే ఖాతాదారుకు సందేశం పంపే ట్రిగ్గర్ ఉందన్న సంగతి మరిచిపోయాను. ఇల్లు కదలని వారందరికీ మీ చిరునామా మారిందన్న సందేశాలు వెళ్ళాయి, మరునాడంతా కంగారుగా వచ్చిన ఫోన్లకు జవాబు చెప్పవలసివచ్చింది.

ఆపవచ్చు, కాని ఎలా ఆపుతున్నారో తెలిసి ఆపాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఆల్టర్ టేబుల్‌తో ట్రిగ్గర్‌ను నిలిపివేస్తే అది మీ ఒక్కరికే కాదు, తిరిగి నిలబెట్టేదాకా అందరికీ ఆగిపోతుంది; నిలపడం, మార్చడం, తిరిగి నిలబెట్టడం ఒకే ట్రాన్సాక్షన్‌లో చేయండి. సెషన్ రెప్లికేషన్ రోల్ మార్చే దారి మీ సెషన్‌కే పరిమితం గాని, అది ఫారిన్ కీ తనిఖీలను కూడా ఆపేస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8.0లో నిలిపివేసే ఆదేశమే లేదు. ట్రిగ్గర్ మొదట్లోనే ఒక సెషన్ వేరియబుల్‌ను చూసి పక్కకు తప్పుకునేలా రాసుకోవాలి. ఏ దారి పట్టినా, చరిత్ర రాసే ట్రిగ్గర్‌ను మాత్రం ఆపకండి. రాజాం ఎప్పుడు, ఎవరి చేత ఏ జిల్లాలోకి మారిందో రేపు అడుగుతారు.

ట్రిగ్గర్ నుంచే ఎస్ఎంఎస్, మెయిల్ పంపవచ్చా?

పంపవద్దు. ట్రిగ్గర్ నడిచే సమయానికి ట్రాన్సాక్షన్ ఇంకా కమిట్ కాలేదు. అది రోల్‌బ్యాక్ అయితే మార్పు వెనక్కి పోతుంది, పంపిన సందేశం వెనక్కి రాదు. పైగా సందేశ సర్వర్ జవాబు ఇచ్చేదాకా వరుస మీద లాక్ అలాగే ఉండి మిగిలినవారి పని ఆగుతుంది. పంపవలసిన సందేశాన్ని ఒక టేబుల్‌లో వరుసగా చేర్చండి; కమిట్ అయిన వరుసలను చదివి పంపే పనిని విడిగా నడిచే ప్రోగ్రాముకు అప్పగించండి. పోస్ట్‌గ్రెస్‌లో నోటిఫై పిలుపు కమిట్ తరువాతే అందుతుంది కాబట్టి ఆ ప్రోగ్రామును నిద్రలేపడానికి వాడుకోవచ్చు.

అప్పుడప్పుడు డెడ్‌లాక్ ఎర్రర్ వస్తోంది. ట్రిగ్గర్ వల్లేనా?

అయ్యుండవచ్చు. ఒక బిల్లులో డబ్ల్యూ 240 ముందు, డబ్ల్యూ 320 తరువాత ఉంది; మరో బిల్లులో అవే తారుమారుగా ఉన్నాయి. రెండు ట్రాన్సాక్షన్లలోని ట్రిగ్గర్లు నిల్వ వరుసలకు ఎదురెదురు క్రమంలో లాక్ వేస్తాయి, ఒకదాని కోసం మరొకటి ఆగిపోతాయి. డేటాబేస్ ఆ చిక్కును గుర్తించి ఒకదానిని రద్దు చేస్తుంది. బిల్లులోని వస్తువులను ఎప్పుడూ ఒకే క్రమంలో, ఉదాహరణకు వస్తువు సంఖ్య క్రమంలో రాస్తే ఈ బెడద చాలావరకు పోతుంది. రద్దయిన ట్రాన్సాక్షన్‌ను ప్రోగ్రాము మళ్ళీ ప్రయత్నించేలా కూడా ఉండాలి.

రెప్లికా సర్వర్‌లో ట్రిగ్గర్ మళ్ళీ నడిచి చరిత్ర రెండుసార్లు పడుతుందా?

రెప్లికా అంటే అసలు డేటాబేస్ మార్పులను అందుకుంటూ ఉండే నకలు సర్వర్, ఆ మార్పులను పంపే పని రెప్లికేషన్. మైఎస్‌క్యూఎల్‌లో వరుసల ఆధారంగా సాగే రెప్లికేషన్‌లో ట్రిగ్గర్ చేసిన మార్పులు కూడా లాగ్‌లోనే వెళ్తాయి, రెప్లికాలో ట్రిగ్గర్ నడవదు. ఆదేశాల ఆధారంగా సాగితే రెప్లికాలోనూ నడుస్తుంది, ట్రిగ్గర్ చేసిన మార్పులు విడిగా వెళ్ళవు. పోస్ట్‌గ్రెస్ లాజికల్ రెప్లికేషన్‌లో, ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, అందుకునే వైపు మామూలు ట్రిగ్గర్లు నడవవు.

ఈ డేటాబేస్‌ను వేరొకరు రాసి వెళ్ళారు. ఎక్కడెక్కడ ట్రిగ్గర్లు ఉన్నాయో ఎలా తెలుస్తుంది?

మైఎస్‌క్యూఎల్‌లో షో ట్రిగ్గర్స్ అనండి. ఒరాకిల్‌లో యూజర్ ట్రిగ్గర్స్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సిస్ ట్రిగ్గర్స్ అనే జాబితాలు ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్‌కూ, పోస్ట్‌గ్రెస్‌కూ ఇన్ఫర్మేషన్ స్కీమాలో ట్రిగ్గర్స్ అనే వ్యూ ఉంది; అది మీకు హక్కులున్న టేబుళ్ళ ట్రిగ్గర్లనే చూపుతుంది కాబట్టి యజమాని ఖాతాతో చూడడం మంచిది. ఆ జాబితాను తీసుకుని ఒక్కొక్క ట్రిగ్గర్ కోడ్‌ను టెక్స్ట్ ఫైలుగా మీ మిగిలిన ప్రోగ్రాము కోడ్ పక్కనే భద్రపరచండి, ప్రతి దాని తలపైన అది ఏ నియమం కోసం ఉందో రెండు వాక్యాలు రాయండి. ఏది దేనికోసమో తేలని ట్రిగ్గర్ కనబడితే వెంటనే తీసేయవద్దు. పరీక్ష డేటాబేస్‌లో దానిని నిలిపివేసి, నెలాఖరు లెక్కలతో సహా అన్ని పనులూ ఒకసారి నడిపి, ఏ సంఖ్య మారుతుందో చూసిన తరువాతే నిర్ణయించండి.